కండె నుండి బాబిను వరకు: మన ఇళ్లలోని పాత కుట్టుమిషన్లు

మన పూర్వీకుల చరిత్ర వ్రాయబూనిన వారు ముందుగా వెదికేది ఓడల జాబితాలను. 1860 నవంబరు 16వ తేదీన ట్రూరో అనే ఓడ మద్రాసు నుండి 342 మందితో డర్బన్ రేవు చేరింది. అది మొదలు 1911 వరకు గిరిమిట్ కింద నేటాలుకు వచ్చినవారు 1,52,184 మంది. వారిలో సుమారు మూడింట రెండు వంతులు మద్రాసు రేవున ఓడ ఎక్కినవారే. విశాఖపట్నం, గంజాం, గోదావరి, ఉత్తర ఆర్కాటు జిల్లాల తెలుగువారు అందులో ఉన్నారు. ఆ జాబితాలలో ప్రతి మనిషికీ ఒక నెంబరు, పేరు, తండ్రి పేరు, వయస్సు, కులము, జిల్లా, గ్రామము, చివరకు ఒంటిమీది పుట్టుమచ్చలు కూడా వ్రాసి ఉన్నాయి. ఆ మనిషి చేతికి ఏ పని వచ్చునో చెప్పే గడి మాత్రము లేదు. చెరకు తోటకు కావలసినది చేతుల బలమే గాని చేతిపని కాదు గదా!

ఆ లేని గడిని కొంతవరకు పూరించగల సాక్షి ఒకటి మన ఇళ్లలోనే మూలన పడి ఉన్నది. అదే పాత కుట్టుమిషను.

మా అవ్వకు నల్లని సింగర్ చేతిమిషను ఒకటి ఉండేది. దానిలో దారము చుట్టే సన్నని పొడుగాటి ఇనుప పుల్లను ఆమె ఏనాడూ బాబిను అనలేదు. "కండె" అనేది. ఆ కండెను పెట్టే పడవ వంటి చిన్న తొడుగును "నాడె" అనేది. ఇవి నేతగాళ్ల మాటలు. మగ్గము మీద పేక నూలును కండెకు చుట్టి, దానిని నాడెలో పెట్టి, పడుగు నడుమ ఈ కొస నుండి ఆ కొసకు విసురుతారు. రాట్నము ముందు కూర్చుండి కండెలు చుట్టడము ఆడవారి పని, పిల్లల పని. స్కాట్లాండు నుండి వచ్చిన యంత్రములో మా అవ్వ తన ఊరి మగ్గాన్నే చూసింది. ఆమె పోలిక తప్పు కాదు. ఈ మిషనులోని నాడె సైతము కండెను కడుపున పెట్టుకొని ముందుకూ వెనుకకూ ఊగుతూ, పైదారపు ఉచ్చులో నుండి కిందిదారాన్ని దూర్చుతుంది. ఇంగ్లీషువారు కూడా రెంటికీ ఒకే పేరు పెట్టారు.

ఈ యంత్రము మన ఇళ్లకు ఎట్లా వచ్చింది? గిరిమిట్ కూలికి మొదటి ఏడు జీతము నెలకు 10 షిల్లింగులు, ఏటా ఒక షిల్లింగు పెంపు. ఆడవారికి అందులో సగమే. 1895 చట్టము ప్రకారము గిరిమిట్ తీరిన తరువాత స్వదేశము పోక, మరల గిరిమిట్ రాయక, ఇక్కడే నిలిచిన వారు ఏటా 3 పౌండ్ల పన్ను కట్టాలి. అనగా 60 షిల్లింగులు, తోటలో మొదటి ఏటి ఆరు నెలల జీతము. 1903లో 13 ఏండ్లు దాటిన ఆడపిల్లలకు, 16 ఏండ్లు దాటిన మగపిల్లలకు కూడా ఆ పన్నును వర్తింపజేశారు. 1913 సమ్మె తరువాత, 1914లో అది రద్దయింది. అంత భారము మోసిన ఇంట ఒక్కసారిగా సొమ్ము పోసి యంత్రము కొనడము కలలోని మాట. అయితే సింగర్ కంపెనీ 1856 నుండే వాయిదాల మీద మిషన్లు అమ్మే పద్ధతి పెట్టింది. కూరగాయల మడి మీద నాలుగు డబ్బులు మిగిలిన మన రెండవ, మూడవ తరాల వారికి ఆ వాయిదాలే దారి చూపినవి.

ఇక్కడ గాంధీజీని తలచుకొనక తప్పదు. 1893 నుండి 1914 వరకు, నడుమ కొంత కాలము మినహా, వారు ఈ దేశములో ఉన్నారు. యంత్రాలపై వారి అభిప్రాయము లోకవిదితమే. అయినా 1924లో ఒక యువకుడు అడిగిన ప్రశ్నకు బదులు చెబుతూ, మానవునికి నిజముగా పనికివచ్చిన కొద్ది యంత్రాలలో సింగర్ కుట్టుమిషను ఒకటి అన్నారు. భార్య చేతితో కుట్టుతూ పడే పాటు చూడలేక సింగర్ దానిని కనిపెట్టినాడని వారు నమ్మినారు. చరిత్ర వేరుగా ఉన్నది. సింగర్ ఒక నటుడు, మెకానిక్కు. బోస్టనులో ఒక పనిశాలకు బాగుచేయడానికి వచ్చిన మిషనును చూసి, దానిని మెరుగుపరచి, 1851లో పేటెంటు పొందినాడు. కథ నిజము కాకపోయినా గాంధీజీ చూసిన విషయము నిజమే. ఈ యంత్రము మనిషిని ఇంటి నుండి లాగివేయలేదు. ఇంటిలోని మనిషి చేతికి బలమిచ్చింది.

ఆ బలము నిలవాలంటే దానిని పోషించాలి. మా అవ్వ నేర్పిన పద్ధతులను ఇక్కడ వ్రాస్తున్నాము.

కండె చుట్టేముందు చక్రము మధ్యనున్న గుండ్రని మరను వదులు చేయాలి. అప్పుడు చక్రము తిరుగుతుంది గాని సూది ఆడదు. చుట్టే పరికరాన్ని చక్రానికి ఆనించి, నిదానముగా, ఒకే వేగముతో తిప్పాలి. ఈ పాత మిషన్లలో గుండె ఆకారపు చిన్న బిళ్ల ఒకటి ఉంటుంది. అది తిరుగుతూ దారాన్ని కుడికీ ఎడమకూ నడిపి, కండె పొడవునా సమముగా పరుస్తుంది. దానిని నమ్మక వేలితో దారము తోసినవారి కండె ఒకచోట లావు, ఒకచోట సన్నము అవుతుంది. కుట్టు కూడా అట్లే వస్తుంది. అంచుల దాకా నింపరాదు. నాడెలో కండె బిగుసుకుంటే దారము తెగుతుంది.

చక్రాన్ని ఎప్పుడూ మన వైపుకే తిప్పాలి. వెనుకకు తిప్పితే దారము చిక్కుపడుతుంది. గుడ్డ అడుగున ఉచ్చులు పడితే చాలామంది కండెను తిడతారు. తప్పు తరచుగా పైదారానిదే. బిగువు బిళ్లల నడుమ అది సరిగా కూర్చుండలేదన్నమాట. సూది కింది రేకు విప్పి, పళ్ల సందున చేరిన దూదిని అప్పుడప్పుడు బ్రష్షుతో తీయాలి. ప్రతి నూనె రంధ్రములో ఒక్క చుక్క మిషను నూనె చాలు. తరువాత పాత గుడ్డపై కొంతసేపు కుట్టితే అదనపు నూనె గుడ్డకే అంటుతుంది.

అవ్వ పోయిన తరువాత మా ఇంట ఒక పొరపాటు జరిగింది. మిషను నూనె అయిపోయి ఎవరో కొబ్బరినూనె పోశారు. కొన్నేండ్లకు అది జిగురై గట్టిపడి చక్రము కదలలేదు. పట్టణములో ఒక రిపేరుదారు చూసి, కాళ్లు ఉన్న మిషనయితే కనీసము బల్లగానైనా పనికివచ్చేదని నవ్వినాడు. మేము ఇంటికి తెచ్చి, కీళ్లలో చుక్క చుక్కగా కిరసనాయిలు (ఇక్కడి పారఫిన్) వేస్తూ, బలవంతము చేయక, రోజుకు కొంచెము కదిలిస్తూ వచ్చాము. ఎనిమిదవ నాడు చక్రము తిరిగింది. కిరసనాయిలు జిగురును కరిగిస్తుంది గాని కందెన కాదు. అంతా తుడిచి మంచి నూనె పోయాలి. నల్లపూతకు, బంగారు పూవులకు మాత్రము స్పిరిటు తగలనీయరాదు. అవి కరిగి పోతాయి.

ఈ శ్రమ ఎందుకని పిల్లలు అడగవచ్చు. 1950 గ్రూప్ ఏరియాస్ చట్టము వలన కేటో మేనరు వంటి చోట్ల మనవారు ఇండ్లు, మడులు, గుడులు వదలిపోవలసి వచ్చింది. 1960ల నుండి చాట్స్‌వర్తు ఇండ్లకు చేరిన కుటుంబాలకు మడి లేదు. అప్పుడు ఆడవారు డర్బన్ బట్టల ఫ్యాక్టరీలకు వెళ్లి సంపాదించారు. ఫ్యాక్టరీకి పోలేనివారు ఇంట కుట్టి పిల్లల బడిఖర్చు గడిపారు. 1990లలో సుంకాలు తగ్గి విదేశీ బట్ట వచ్చిపడినప్పుడు ఎన్నో ఫ్యాక్టరీలు మూతపడినవి. ఉద్యోగము పోయిన ఆడవారు మరల ఇంటి మిషను ముందే కూర్చున్నారు. ఈ కథలో పెద్దభాగము ఏ జాబితాలోనూ లేదు.

మిషన్లు చేసిన క్లైడ్‌బ్యాంకు ఫ్యాక్టరీ కూడా 1980లో మూతపడింది. మన మిషన్లు ఇంకా కుట్టగలవు.

కనుక పాఠకులకు మా మనవి ఒకటే. పాత ఇనుమువానికి వేసేముందు మిషను మీద ముద్రించిన నెంబరు చూడండి. ఎఫ్, వై వంటి అక్షరముతో మొదలైతే అది క్లైడ్‌బ్యాంకులో తయారైనది; నెంబరును బట్టి ఏ కాలముదో తెలుసుకోవచ్చు. ఆ నెంబరు పక్కన అది ఎవరి చేతిలో, ఏ ఊరిలో, ఏ ఇంట నడిచినదో వ్రాసిపెట్టండి. ఇంట పెద్దవారు ఉంటే వారిచేత ఒక కండె చుట్టించి, దానిని వారు ఏ పేరుతో పిలుస్తారో ఆ మాటను తెలుగులోనే వ్రాయండి. మన తాతలకు నెంబరు ఇచ్చినవారు వారి చేతిపని అడగలేదు. మనమైనా మన అవ్వలను అడుగుదాము.