నాడీకణముల దూతలు

నరము చివర ముగిసి కండరము మొదలగు చోట కంటికి కానరాని ఎడము కలదు. ఆ యెడమును వార్త యెట్లు దాటును? విద్యుత్తు దుముకునని కొందఱును, ఏదో ద్రవ్యము స్రవించునని కొందఱును ఇరువదవ శతాబ్ది పూర్వార్ధమున చిరకాలము వాదించుకొనిరి.

ఆస్ట్రియాలోని గ్రాట్జ్ విశ్వవిద్యాలయమున ఔషధశాస్త్రాచార్యుడగు ఆటో లోవీకి ఇందుకు మార్గము నిద్రలో దొరకెను. నడిరేయి మేల్కాంచి, తోచిన ప్రయోగమును కాగితపు ముక్కపై గీకి మరల పరుండెను. తెల్లవాఱి చూడగా తన వ్రాత తనకే బోధపడలేదు! (ఫైళ్లలో నోట్లు వ్రాయువారికి ఈ యవస్థ క్రొత్తది కాదు.) మఱునాటి రాత్రి మూడు గంటలకు ఆ తలంపే మరల రాగా, ఈసారి కాగితమును నమ్మక తిన్నగా ప్రయోగశాలకు బోయెను. రెండు కప్పల గుండెలను వెలికితీసి లవణద్రవమున కొట్టుకొననిచ్చెను. మొదటిదాని వేగస్ నరమును విద్యుత్తుతో ప్రేరేపింపగా అది మందగించెను. ఆ గుండెను తడిపిన ద్రవమును రెండవదానికి అందింపగా, దాని నరమును తాకకున్నను అదియు మందగించెను. 1921లో ఈ ఫలితము ప్రకటితమయ్యెను. ఆ ద్రవ్యము ఎసిటైల్‌కోలిన్ అని పిమ్మట తేలినది. 1936లో లోవీకిని ఆంగ్ల శాస్త్రజ్ఞుడు హెన్రీ డేల్‌కును నోబెల్ బహుమానము కలిపి యిచ్చిరి.

1938 మార్చిలో నాజీలు ఆస్ట్రియాను ఆక్రమించిన రాత్రియే, యూదుడైన లోవీని చెఱలో వైచిరి. ప్రాణము దక్కునను ఆశ లేని ఆ వృద్ధుడు కావలివానిని ఒప్పించి ఒక పోస్టుకార్డు సంపాదించి, తన కడపటి ప్రయోగ ఫలితమును దానిపై వ్రాసి శాస్త్రపత్రికకు పంపెను. అది పోయినదని తెలిసిన పిదపనే ఆయన మనసు కుదుటపడెను. బహుమాన ధనమును నాజీల బ్యాంకునకు మార్పించుకొని గాని వారు ఆయనను దేశము విడువనీయలేదు. 1961లో న్యూయార్కున ఆయన కాలధర్మము నొందెను.

విద్యుద్వాదుల నాయకుడు జాన్ ఎకిల్స్ 1951లో తన ప్రయోగమే తన వాదమును ఖండింపగా దాపఱికము లేక ఒప్పుకొనెను. ఆ యొప్పుకోలు చిన్న సంగతి కాదు.

ఇక ఆ ద్రవ్యము నరములో ఎట్లు నిలువయుండును? జర్మనీ విడిచి 1935లో లండను చేరిన మఱియొక యూదుడు బెర్నార్డ్ కాట్జ్ దీనిని తేల్చెను. నరము ఊరకున్నపుడును కండరమున చిన్న చిన్న స్పందనములు, ఇంచుమించు ఒకే కొలతలో, వచ్చుచుండెను. నరము పంపు పెద్ద వార్తయు ఆ కొలతకు రెట్లుగానే యుండెను. అనగా ద్రవ్యము ధారగా గాక పొట్లములుగా వెలువడుచున్నది. ఆ రోజులలోనే ఎలక్ట్రాన్ సూక్ష్మదర్శిని నరపు చివర గుంపులుగా నున్న సంచులను చూపెను. ఒక్కొక్కటి మిల్లీమీటరులో ఇరువదివేలవ వంతు. లోపల వేలకొలది అణువులు. నాడీస్పందము రాగానే కాల్షియము నరపు చివరలోనికి చొచ్చును. అంతట సంచి కణపు పొరతో కలిసి విచ్చుకొని, సరకును ఎడములోనికి కుమ్మరించును. చిందిన ఎసిటైల్‌కోలిన్‌ను ఒక ఎంజైము తృటిలో త్రుంచివేయును. అందలి కోలిన్ భాగమును నరము తిరిగి పీల్చుకొని, దానితోనే క్రొత్త ఎసిటైల్‌కోలిన్ చేసి మరల సంచులను నింపుకొనును.