మూడు దినముల గడువు

కళింగయుద్ధంలో లక్షమంది హతులైనారని, లక్షన్నరమంది చెరగొనిపోబడినారని పశ్చాత్తాపంతో శిలపై చెక్కించిన అశోకుడు మరణదండనను మాత్రం రద్దు చేయలేదు. ఆయనను కేవల కరుణామూర్తిగా కీర్తించేవారు ఈ విషయాన్ని తరచు విస్మరిస్తారు.

కర్నూలు జిల్లా ఎఱ్ఱగుడి బండలపైన కూడా కానవచ్చే పదమూడవ శిలాశాసనంలో, క్షమింపదగినంతవరకు అపరాధిని క్షమింపవలెనని ఆయన చెప్పినాడు. పశ్చాత్తప్తుడైనను తనకు దండించే శక్తి కలదని ఆటవికులను అక్కడనే హెచ్చరించినాడు. క్షమకు హద్దు కలదన్నమాట.

ఆ హద్దును పాటించవలసిన తీరు, పట్టాభిషేకమైన 26 సంవత్సరాలకు వెలువడిన నాలుగవ స్తంభశాసనంలో ఉన్నది. ఇప్పుడు ఢిల్లీలో ఉన్న తోప్రా స్తంభంపై దానిని చూడవచ్చును. విచారణలోను, శిక్షలోను సమత్వం పాటింపవలెనని రజ్జుకులనే అధికారులను ఆదేశించి, మరణశిక్ష పడినవారికి మూడు దినముల గడువు ఇచ్చినాడు. ఆలోగా బంధువులు ప్రాణరక్షణకై విన్నవించుకోవచ్చును. విన్నవించే దిక్కులేనివాడు దానముతోనో, ఉపవాసముతోనో పరలోకానికి సిద్ధపడవచ్చును.

ప్రభువు మనసు కరిగినప్పుడు ఒకనికి మాత్రమే దక్కే దయ మరొకనికి అన్యాయమౌతుంది. అందుచేతనే కాబోలు, ఈ దయను అశోకుడు తన ఇచ్ఛకు విడువక అందరికీ వర్తించే నియమం చేసినాడు. అయినను బంధుబలం ఉన్నవానికి, లేనివానికి ఆ మూడు దినాలు సమానం కావు. దయను చట్టంలో చేర్చగోరే ప్రతి రాజ్యమూ నేటికీ ఎదుర్కొనే చిక్కు ఇదే.