"అది ఇంకా రాలేదా?"

ఆమధ్య నేను పాఠం చెప్పే కాలేజీలో సిబ్బందికి ఒకరోజు శిక్షణ పెట్టారు. వేరువేరు కులాల, మతాల, ప్రాంతాల వాళ్లు ఒకచోట పనిచేసేటప్పుడు ఒకరి సంస్కృతిని ఒకరు ఎలా అర్థం చేసుకోవాలన్నది విషయం. రంజాన్ నెలలో సాయంత్రాలు మీటింగులు పెట్టకూడదు, ఎవరి యాసనీ ఎగతాళి చెయ్యకూడదు, ఎదుటివాళ్ల తిండి గురించి ముఖం చిట్లించకూడదు. అన్నీ మంచి మాటలే. టీ వేళకి వరండాలో నీళ్లు ఒలికి ఉంటే అటెండరుని అడిగాను: "తుడిచే మనిషి ఏదీ? అది ఇంకా రాలేదా?"

ఆవిడ నా వెనకే ఉంది. "వచ్చానండి మేడమ్ గారూ" అంది. నాకంటే పదిహేనేళ్లు పెద్దది. అటెండరు గురించి మాట్లాడేటప్పుడు నేనెప్పుడూ "ఆయన" అనే అంటాను.

సిగ్గుతో పాటు ఇంకో ఇబ్బంది కూడా కలిగింది. పాత తెలుగు వ్యాకరణాలు చదవడం నా పని. "అది" గురించి నాకు తెలియాల్సినంత తెలుసు.

ఉద్యోగులకి సంస్కృతి నేర్పడం కొత్త ఆలోచనేం కాదు. ఈస్టిండియా కంపెనీ 1812లో మద్రాసులో సెయింట్ జార్జి కోట కళాశాల పెట్టింది అందుకే. ఇంగ్లండు నుంచి వచ్చిన కుర్ర ఉద్యోగులు అక్కడ దేశభాషలు నేర్చుకుని పరీక్షలు ఇవ్వాలి. అలాంటి వాళ్లకి పనికొచ్చేలా ఎ.డి. క్యాంప్‌బెల్ 1816లో తెలుగు వ్యాకరణం అచ్చువేశాడు. 1817లో మద్రాసు చేరిన సి.పి. బ్రౌన్ ఆ కళాశాలలోనే తెలుగు మొదలుపెట్టాడు. కడప, మచిలీపట్నం, రాజమండ్రిలలో ఉద్యోగం చేశాడు. 1840లో తానూ ఒక వ్యాకరణం వేశాడు.

తెలుగు నేర్చుకునే ఎవరైనా మొదట్లోనే తెలుసుకోవాల్సిన సంగతి ఒకటుంది. ఏకవచనంలో మగవాడు ఒక్కడూ ఒక వర్గం, మిగతా లోకమంతా మరో వర్గం. వాడు వచ్చాడు. ఆమె వచ్చింది, ఆవు వచ్చింది, బండీ వచ్చింది. చిన్నయసూరి బాలవ్యాకరణం దీన్నే మహత్తు, అమహత్తు అని సూత్రబద్ధం చేసింది. గోండి, కొలామీ భాషల్లోనూ ఏకవచనంలో ఇదే అమరిక ఉంది కాబట్టి ఇది ఏ పండితుడో కుట్రపన్ని పెట్టింది కాదు. బహువచనంలో మాత్రం ఆడవాళ్లు మనుషుల్లో కలుస్తారు. ఆవులు వచ్చాయి, ఆడవాళ్లు వచ్చారు.

అయితే ఒంటరిగా ఉన్న ఆడమనిషి క్రియలో మనిషి కావడానికి ఒక దారి ఉంది: గౌరవ బహువచనం. "మేడమ్ గారు వచ్చారు." మగవాడు గౌరవం లేకపోయినా "వచ్చాడు"తో మనుషుల్లోనే ఉంటాడు. ఆడదానికి ఆ చోటు దక్కాలంటే ఎవరో గౌరవించాలి. ఆ గౌరవాన్ని పంచేది కులం, ఆస్తి, ఉద్యోగం. మాట చివర "అండి" లేకుండా మాట్లాడరని మా గోదావరి జిల్లాలకి పేరు. కానీ ఆ "అండి" కిందినుంచి పైకి వెళ్లినంత తేలిగ్గా పైనుంచి కిందికి రాదు.

ధవళేశ్వరం ఆనకట్ట 1847లో మొదలై 1852లో పూర్తయింది. పదివేల మంది కూలీలు, ఐదువందల మంది వడ్రంగులు, ఐదువందల మంది కమ్మరులు పనిచేశారని చెబుతారు. కాటన్ పేరు, ఆయనకి తోడు నిలిచిన వీణెం వీరన్న పేరు మాకు తెలుసు. "కూలీ" అన్న మాటకి లింగం లేదు. ఆ పదివేలలో ఆడవాళ్లు విడిగా కనిపించరు. ఆనకట్ట పూర్తయిన 1852లోనే బ్రౌన్ తెలుగు-ఇంగ్లీషు నిఘంటువూ అచ్చయింది. దొరలు మన భాషని శ్రద్ధగానే నేర్చుకున్నారు. ఎవరిని "మీరు" అనాలో, ఎవరిని "నువ్వు" అంటే సరిపోతుందో కూడా ఆ చదువులో భాగమే.

అందుకే నాకు అనుమానం. ఒక సంస్కృతిని బాగా నేర్చుకోవడమంటే అందులోని మెట్లని కూడా బాగా నేర్చుకోవడమే కాదా? మా శిక్షణ పండగల్నీ తిండినీ చూసింది. క్రియాపదాన్ని చూడలేదు. పక్కవాళ్ల సంస్కృతి తెలుసుకోమంది, మన నోట్లో ఉన్నదాన్ని వినమనలేదు. వ్యాకరణం మార్చాలని నేననడం లేదు. "ఆవిడ", "వచ్చారు" ఆ భాషలోనే ఉన్నాయి. వాటిని ఎవరికి దాచిపెట్టుకుంటున్నామన్నదే ప్రశ్న.

మర్నాడు ఆవిడతో "మీరు" అని మాట్లాడాను. నవ్వింది. "నా ఎదర మీరనకపోయినా పరవాలేదండి మేడమ్ గారూ. నేను లేనప్పుడు ఏమంటారన్నదే కదండి" అంది.

వ్యాకరణంలో దాన్ని ప్రథమపురుష అంటారు. ఎదురుగా లేని మనిషి గురించి మాట్లాడే తీరు. ఇన్నేళ్లు దాన్ని పాఠంగా చెప్పాను. ఆవిడ అడిగినట్టు ఎప్పుడూ అడగలేదు.