కోస్టారికాలో విశ్రాంత జీవితం

కోస్టారికాలో విశ్రాంత జీవితం అనగా ఇతర దేశాలలో పదవీ విరమణ చేసినవారు తమ పింఛను ఆదాయంతో మధ్య అమెరికాలోని కోస్టారికా దేశానికి వెళ్ళి స్థిరపడడం. ఇలా వచ్చేవారిలో అమెరికా సంయుక్త రాష్ట్రాలు, కెనడా, ఐరోపా దేశాలవారు ముఖ్యులు. సమశీతోష్ణ వాతావరణం, ప్రభుత్వ వైద్య వ్యవస్థ, రాజకీయ స్థిరత్వం, స్వదేశంతో పోల్చినప్పుడు తక్కువగా కనిపించే జీవన వ్యయం వీరిని ఆకర్షించే ప్రధాన కారణాలు. పింఛనుదారులకు ప్రత్యేక నివాస అనుమతి ఇచ్చే చట్టం ఈ దేశంలో 1971 నుండి ఉన్నది. అయితే ఈ దేశపు ప్రజల ఆరోగ్యం అక్కడి నేలకో గాలికో సంబంధించినది మాత్రమే కాదు. అనేక దశాబ్దాలుగా ప్రజావైద్యంపై చేసిన కృషి దానికి ఆధారం. కనుక బయటినుండి వచ్చినవారికి ఆ ఫలితం ఎంతవరకు అందుతుందనేది వారి నివాస హోదా, వయసు, ఆదాయం, స్థల నిర్ణయం మీద ఆధారపడి ఉంటుంది.

నేపథ్యం

కోస్టారికా 51,100 చదరపు కిలోమీటర్ల వైశాల్యం, సుమారు 50 లక్షల జనాభా కలిగిన చిన్న దేశం. ఉత్తరాన నికరాగ్వా, ఆగ్నేయాన పనామా, ఒక ప్రక్క పసిఫిక్ మహాసముద్రం, మరొక ప్రక్క కరీబియన్ సముద్రం దీని సరిహద్దులు. రాజధాని సాన్ హోసే, అధికార భాష స్పానిష్, ద్రవ్యం కొలోన్.

1948 అంతర్యుద్ధం తరువాత హోసే ఫిగేరెస్ ఫెర్రెర్ నాయకత్వంలోని ప్రభుత్వం సైన్యాన్ని రద్దు చేసింది. 1949 రాజ్యాంగంలోని 12వ అధికరణం ఈ రద్దును శాశ్వతం చేసింది. చుట్టుప్రక్కల దేశాలలో సైనిక ప్రభుత్వాలు, అంతర్యుద్ధాలు కొనసాగిన కాలంలో కూడా ఇక్కడ ఎన్నికలు క్రమం తప్పకుండా జరిగాయి. సైన్యం లేకపోవడం వలన ప్రభుత్వ ఆదాయంలో ఎక్కువ భాగాన్ని విద్య, వైద్యం, విద్యుత్తు, త్రాగునీటి సరఫరాలకు వినియోగించడానికి వీలు కలిగింది.

వైద్య వ్యవస్థ

1941లో అధ్యక్షుడు రఫాయెల్ ఆంఖెల్ కాల్దెరోన్ గ్వార్దియా కాలంలో సామాజిక బీమా సంస్థ ఏర్పడింది. దీనిని ప్రజలు క్లుప్తంగా 'కాహా' అంటారు. స్పానిష్ భాషలో ఈ మాటకు పెట్టె అని అర్థం. మొదట పట్టణ కార్మికులకు పరిమితమైన ఈ బీమాను దేశమంతటికీ విస్తరింపజేయాలని 1961లో రాజ్యాంగ సవరణ జరిగింది. 1973 చట్టంతో ప్రభుత్వ ఆసుపత్రులు కాహా నిర్వహణలోకి వచ్చాయి.

1990 దశకం మధ్యలో ప్రారంభమైన ప్రాథమిక వైద్య బృందాలను 'ఎబాయిస్' అంటారు. ఒక వైద్యుడు, ఒక నర్సింగ్ సహాయకుడు, ఇంటింటికీ తిరిగే ఒక ఆరోగ్య కార్యకర్త ఒక్కొక్క బృందంలో ముఖ్య సభ్యులు. సుమారు 4,000 మంది జనాభాకు ఒక బృందం చొప్పున ఏర్పాటు చేయాలన్నది లక్ష్యం. నేడు దేశంలో ఇటువంటి బృందాలు 1,000కి పైగా ఉన్నాయి. ఆరోగ్య కార్యకర్త ఇళ్ళకు వెళ్ళి టీకాలు, రక్తపోటు, గర్భిణుల ఆరోగ్యం మొదలైన వివరాలు నమోదు చేస్తాడు. రోగి ఆసుపత్రికి వచ్చేవరకు వేచి ఉండక, వ్యాధి ముదరకముందే గుర్తించడం ఈ పద్ధతిలోని విశేషం.

ఈ కృషి ఫలితంగా కోస్టారికా ప్రజల సగటు ఆయుర్దాయం 80 సంవత్సరాల సమీపానికి చేరినది. తలసరి ఆదాయంలో తనకంటే సుమారు ఐదు రెట్లు సంపన్నమైన అమెరికా సంయుక్త రాష్ట్రాల సగటు ఆయుర్దాయం కంటే ఇది ఎక్కువ.

నికోయా ద్వీపకల్పం

పసిఫిక్ తీరంలోని నికోయా ద్వీపకల్పంలో వృద్ధులు, ముఖ్యంగా పురుషులు, దీర్ఘాయుష్మంతులుగా పేరు పొందారు. ఈ కారణంగా ఈ ప్రాంతాన్ని జపాన్‌లోని ఒకినావా, ఇటలీలోని సార్డీనియా మొదలైన వాటితో కలిపి 'నీలి మండలాలు' అనే పేరుతో ప్రచారం చేస్తున్నారు. విశ్రాంత జీవనానికి కోస్టారికాను సూచించే ప్రకటనలలో నికోయా పేరు తరచుగా కనిపిస్తుంది.

కోస్టారికా జనాభా శాస్త్రవేత్త లూయిస్ రొసేరో బిక్స్‌బీ తన సహచరులతో కలిసి 2013లో ప్రకటించిన అధ్యయనం ప్రకారం 60 ఏళ్ళు దాటిన నికోయా పురుషులలో మరణాల రేటు మిగిలిన కోస్టారికా పురుషుల కంటే సుమారు 20 శాతం తక్కువగా ఉన్నది. గుండె, రక్తనాళాల వ్యాధుల వలన కలిగే మరణాలు తక్కువగా ఉండడం దీనికి ముఖ్య కారణం. వీరి ఆహారం సామాన్యమైనది. వరి అన్నం, చిక్కుడు జాతి గింజలు, మొక్కజొన్న రొట్టెలు, చేపలు, కోడి మాంసం, కొద్దిగా జున్ను ఇందులో ముఖ్యమైనవి. అన్నం, నల్ల చిక్కుడు గింజలు కలిపి చేసే 'గాయో పింతో' దేశమంతటా ఉదయపు ఆహారం.

ఈ పరిశోధనలలోని రెండు అంశాలు గమనింపదగినవి. మొదటిది, నికోయాను విడిచి వేరే ప్రాంతాలకు వెళ్ళినవారిలో ఈ ఆయుర్దాయపు మేలు కనబడలేదు. రెండవది, అదే శాస్త్రవేత్త 2023లో ప్రకటించిన అధ్యయనంలో ఈ మేలు ప్రధానంగా 1930కి ముందు పుట్టిన తరానికి పరిమితమైనదని, తరువాతి తరాలలో తగ్గిపోయినదని తేలింది. అనగా దీర్ఘాయువు ఒక తరం వారు చిన్ననాటి నుండి చేసిన శ్రమ, తిన్న తిండి, బ్రతికిన తీరు వలన కలిగినదే తప్ప ఆ ఊరికి వచ్చిన ప్రతివారికీ లభించే వరం కాదు. 65వ ఏట అక్కడ ఇల్లు కొన్నంత మాత్రాన నికోయా రైతు గుండె ఆరోగ్యం సంక్రమించదు.

నివాస అనుమతులు

విదేశీయులకు సాధారణంగా మూడు మార్గాలున్నాయి.

* పెన్సియొనాదో: జీవితాంతం వచ్చే పింఛను నెలకు కనీసం 1,000 డాలర్లు ఉన్నట్లు చూపాలి. ఒకరి పింఛను ఆధారంగా జీవిత భాగస్వామి కూడా అనుమతి పొందవచ్చు.
* రెంతీస్తా: పింఛను లేనివారు రెండు సంవత్సరాల పాటు నెలకు 2,500 డాలర్ల స్థిర ఆదాయం వస్తుందని రుజువు చేయాలి.
* ఇన్వెర్సియొనీస్తా: దేశంలో పెట్టుబడి పెట్టేవారికి ఉద్దేశించినది. 2021 చట్టంతో కనీస పెట్టుబడి 1,50,000 డాలర్లకు తగ్గింది.

1971 చట్టం పింఛనుదారులకు గృహోపకరణాలు, వాహనాల దిగుమతిపై సుంకాల మినహాయింపు ఇచ్చింది. 1992లో ఆ రాయితీలు తొలగించబడ్డాయి. 2009లో ఆమోదించి 2010 నుండి అమలు చేసిన వలస చట్టం పింఛను పరిమితిని 600 డాలర్ల నుండి 1,000 డాలర్లకు పెంచింది. 2021 చట్టం ఐదేళ్ళ కాలపరిమితితో కొన్ని దిగుమతి రాయితీలను తిరిగి ప్రవేశపెట్టింది.

జనన ధ్రువపత్రం, పోలీసు ధ్రువపత్రం వంటివి స్వదేశంలో అపోస్టిల్ చేయించి, స్పానిష్ అనువాదంతో సమర్పించాలి. మొదట తాత్కాలిక నివాస హోదా లభిస్తుంది. మూడు సంవత్సరాల తరువాత శాశ్వత నివాసానికి దరఖాస్తు చేయవచ్చు. తాత్కాలిక హోదాలోని పింఛనుదారులు జీతానికి ఉద్యోగం చేయరాదు. కనుక పింఛను చాలకపోతే పని చేసుకొని సర్దుకొనవచ్చుననే ఆలోచన ఇక్కడ పనికిరాదు.

విదేశీయులకు వైద్యం

నివాస అనుమతి పొందినవారు కాహాలో చేరడం తప్పనిసరి. తెలియజేసిన ఆదాయంలో కొంత శాతాన్ని ప్రతి నెలా చందాగా చెల్లించాలి. చేరిన తరువాత వైద్య పరీక్షలు, మందులు, శస్త్రచికిత్సలకు విడిగా రుసుము ఉండదు. పూర్వం నుండి ఉన్న మధుమేహం, గుండె జబ్బు వంటి వ్యాధులను కారణంగా చూపి చేర్చుకొనకపోవడం ఉండదు. ప్రైవేటు బీమా దొరకని వృద్ధులకు ఇది చాలా విలువైన అంశం. పర్యాటక అనుమతిపై ఉంటూ, గడువు తీరగానే సరిహద్దు దాటి మరల వచ్చేవారికి ఈ సౌకర్యం లభించదు.

కాహాకు ఉన్న ప్రధాన లోపం నిరీక్షణ. నిపుణులైన వైద్యుల సంప్రదింపులకు, అత్యవసరం కాని శస్త్రచికిత్సలకు నెలల తరబడి, కొన్ని సందర్భాలలో ఏళ్ళ తరబడి వేచి ఉండవలసి వస్తుంది. ఈ కారణంగా స్థోమత కలవారు సాన్ హోసే పరిసరాలలోని క్లీనికా బీబ్లికా, సీమా వంటి ప్రైవేటు ఆసుపత్రులను కూడా ఆశ్రయిస్తారు. పెద్ద ఆసుపత్రులు, నిపుణులు రాజధాని ప్రాంతంలోనే కేంద్రీకృతమై ఉన్నందున, సముద్ర తీరంలో నివసించేవారు పెద్ద చికిత్సలకు కొన్ని గంటలు ప్రయాణించాలి.

వాతావరణం, స్థల నిర్ణయం

దేశం చిన్నదైనా ఎత్తును బట్టి వాతావరణం మారుతుంది. సాన్ హోసే సముద్ర మట్టానికి సుమారు 1,170 మీటర్ల ఎత్తున ఉన్నది. ఈ మధ్య లోయలో ఏడాది పొడవునా పగటి ఉష్ణోగ్రత 25 డిగ్రీల సెల్సియస్ పరిసరాలలో ఉంటుంది. కనుక పంకాలు, శీతల యంత్రాల అవసరం తక్కువ. ఎస్కాసూ, ఎరేదియా, గ్రేసియా, అతేనాస్ మొదలైన పట్టణాలలో విదేశీ పింఛనుదారులు ఎక్కువగా ఉంటారు. గ్వానాకాస్తె తీరంలో వేడి 35 డిగ్రీలకు చేరుతుంది. అక్కడ శీతల యంత్రం వాడకంతో విద్యుత్తు ఖర్చు పెరుగుతుంది. పసిఫిక్ వైపు, మధ్య లోయలో డిసెంబరు నుండి ఏప్రిల్ వరకు పొడి కాలం, మే నుండి నవంబరు వరకు వర్షాకాలం. కరీబియన్ తీరంలోని లిమోన్ ప్రాంతంలో ఏడాదంతా వర్షాలు పడతాయి.

ఈ దేశం భూకంప మండలంలో ఉన్నది. 2012 సెప్టెంబరు 5న నికోయా ప్రాంతంలో 7.6 తీవ్రతతో భూకంపం వచ్చింది. 1974 నుండి అమలులో ఉన్న నిర్మాణ నియమావళి వలన నష్టం పరిమితమైనది. పల్లపు ప్రాంతాలలో డెంగీ జ్వరం తరచుగా వ్యాపిస్తుంది.

జీవన వ్యయం

కోస్టారికా మధ్య అమెరికాలో చౌకైన దేశం కాదు. ఆ ప్రాంతంలో ఖరీదైన దేశాలలో ఇది ఒకటి. ఉత్తర అమెరికా ధరలతో పోల్చినవారికి మాత్రమే ఇది చౌకగా తోస్తుంది. వారపు రైతుబజార్లలో దొరికే పండ్లు, కూరగాయలు, బియ్యం, కాఫీతో, స్థానికుల వలె బస్సు ప్రయాణంతో సరిపెట్టుకొనేవారికి ఖర్చు తక్కువ. దిగుమతి సరుకులు, కారు, సముద్రతీర నివాసం కోరేవారికి ఖర్చు స్వదేశంలో వలెనే ఉంటుంది. కార్లపై దిగుమతి సుంకాలు భారీగా ఉంటాయి. చాలా వస్తువులు, సేవలపై 13 శాతం అదనపు విలువ పన్ను కలదు. ఇంటి పనికి, వృద్ధుల సంరక్షణకు మనిషిని పెట్టుకొన్నవారు చట్టప్రకారం కనీస వేతనంతో పాటు కాహా చందా, సెలవులు, డిసెంబరులో ఒక నెల అదనపు జీతం ఇవ్వాలి. విదేశాల నుండి వచ్చే పింఛనుపై ఇక్కడ ఆదాయపు పన్ను లేదు.

పింఛను డాలర్లలో వచ్చినా ఖర్చు కొలోన్లలో జరుగుతుంది. 2022 జూన్‌లో ఒక డాలరుకు దాదాపు 700 కొలోన్లు రాగా, 2024 మార్చి నాటికి 510 సమీపానికి పడిపోయాయి. అనగా 1,000 డాలర్ల పింఛను విలువ సుమారు 7 లక్షల కొలోన్ల నుండి రెండేళ్ళ లోపే 5 లక్షల పైచిలుకుకు తగ్గింది. స్థానిక ధరలు పెరగకపోయినా బ్రతుకు భారమయ్యే పరిస్థితి ఇది. చట్టం కోరే కనీస ఆదాయం, సుఖంగా బ్రతకడానికి కావలసిన ఆదాయం ఒకటి కావని దీనివలన తెలుస్తుంది.

స్వదేశపు నియమాలు

* అమెరికా సంయుక్త రాష్ట్రాల మెడికేర్ బీమా సాధారణంగా ఆ దేశం వెలుపల చికిత్సకు వర్తించదు. అందులోని బి భాగాన్ని మానివేసి తరువాత తిరిగి చేరేవారు, ఆలస్యమైన ప్రతి పన్నెండు నెలలకు 10 శాతం చొప్పున అదనపు చందా చెల్లించవలసి రావచ్చు.
* కెనడా రాష్ట్రాల వైద్య బీమా దీర్ఘకాలం బయట ఉన్నవారికి నిలిచిపోతుంది.
* బ్రిటన్ ప్రభుత్వ పింఛనులో ఏటా జరిగే పెంపు కోస్టారికాలో నివసించేవారికి వర్తించదు.
* అమెరికా పౌరులు ఎక్కడ నివసించినా తమ దేశానికి పన్ను వివరాలు సమర్పించాలి.

అమెరికాలో స్థిరపడి పదవీ విరమణ వయసుకు చేరుకొన్న తెలుగువారికి కూడా ఈ నియమాలు వర్తిస్తాయి. పౌరసత్వం తీసుకొనక గ్రీన్ కార్డు మాత్రమే కలవారు దీర్ఘకాలం అమెరికా వెలుపల నివసిస్తే ఆ హోదాను కోల్పోయే ప్రమాదం ఉన్నది.

స్థిరాస్తి

విదేశీయులు సాధారణ భూములను, ఇళ్ళను పౌరులతో సమానంగా కొనవచ్చు. యాజమాన్య వివరాలను జాతీయ రిజిస్ట్రీలో సరిచూచుకొనవచ్చు. సముద్ర తీరానికి మాత్రం 1977 చట్టం వర్తిస్తుంది. పోటు రేఖ నుండి మొదటి 50 మీటర్లు ప్రజలందరి ఆస్తి. తరువాతి 150 మీటర్లు పురపాలక సంస్థల నుండి గుత్తకు తీసుకొనవలసినవే. ఐదేళ్ళ నివాసం పూర్తికాని విదేశీయులకు ఈ గుత్త హక్కు లేదు. అందువలన చాలామంది మొదట ఒక వర్షాకాలమైనా అద్దె ఇంట గడిపి ఆ తరువాత కొనుగోలు సంగతి ఆలోచిస్తారు.

సమస్యలు, విమర్శలు

విదేశీయులు ఎక్కువగా చేరిన తీర ప్రాంతాలలో భూముల ధరలు, అద్దెలు పెరిగి, స్థానికులు తాము పుట్టిన ఊళ్ళలోనే ఇల్లు కట్టుకొనలేని స్థితి ఏర్పడుతున్నదనే విమర్శ ఉన్నది. వేసవిలో నీటి కొరత గల గ్వానాకాస్తెలో కొత్త గృహ సముదాయాలకు నీటి కేటాయింపు వివాదాస్పదమైనది. 2023లో దేశంలో హత్యల సంఖ్య 900 దాటి అప్పటివరకు లేని స్థాయికి చేరింది. వీటిలో అధిక భాగం మాదకద్రవ్యాల ముఠాల తగాదాలకు సంబంధించినవి.

వృద్ధాప్యం ముదిరిన తరువాత ఎదురయ్యే ఇబ్బందులు వేరు. భార్యాభర్తలలో ఒకరు మరణించడం, స్పానిష్ భాష రాకపోవడం, జ్ఞాపకశక్తి తగ్గడం, పిల్లలు దూరంగా ఉండడం వంటి కారణాలతో కొందరు కొన్నేళ్ళకు స్వదేశానికి తిరిగి వెళతారు. అప్పటికి అక్కడి ఇల్లు అమ్ముకొని, బీమా వదులుకొని ఉన్నవారికి తిరుగు ప్రయాణం కష్టమవుతుంది. కనుక 65వ ఏట చేసే దేశం ఎంపికలో 85వ ఏట కలిగే అవసరాలను కూడా లెక్కలోకి తీసుకొనవలసి ఉంటుంది. ఆసుపత్రికి ఎంత దూరం, చట్టబద్ధమైన హోదా ఉన్నదా, ఆదాయం తగ్గినా సరిపోతుందా, పలకరించేవారి భాష వచ్చునా అనే నాలుగు ప్రశ్నలు ఇంటి అద్దె కంటే ముఖ్యమైనవి.

ఇవి కూడా చూడండి

* కోస్టారికా
* పింఛను
* ఆయుర్దాయం
* ప్రజారోగ్యం