సుదూర పరుగు సాధన (జనగామ, మహబూబాబాద్, భూపాలపల్లి)

సుదూర పరుగు అనగా 3,000 మీటర్లు మొదలుకొని మారథాన్ (42.195 కి.మీ.) వరకు, అంతకు మించి కూడా సాగే పరుగు పందేలకు గల సాధారణ నామం. దీనిని వృత్తిగా కాక ఆసక్తితో అభ్యసించేవారిని ఔత్సాహిక పరుగరులు అంటారు. తెలంగాణ రాష్ట్రంలోని జనగామ, మహబూబాబాద్, జయశంకర్ భూపాలపల్లి జిల్లాలలో ఈ సాధన ఎండ, వాన, చలి అనే మూడు కాలాలను అనుసరించి సాగుతుంది. చాలావరకు పూర్వపు వరంగల్ జిల్లాలో భాగమైన ఈ మూడు జిల్లాలు 2016 అక్టోబరు 11న ఏర్పడ్డాయి.

నేపథ్యం

ఈ ప్రాంతంలో చాలామంది యువకులు పరుగు మొదలుపెట్టడానికి కారణం పతకం కాదు, ఉద్యోగం. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ కాలంలో పోలీసు కానిస్టేబుల్ నియామకాలలో 5 కి.మీ. పరుగు ఉండేది. తెలంగాణ ఏర్పడిన తరువాత దానిని తొలగించారు. 2022 నాటి నియామక ప్రకటన ప్రకారం పురుషులు 1,600 మీటర్లను 7 నిమిషాల 15 సెకన్లలోను, మహిళలు 800 మీటర్లను 5 నిమిషాల 20 సెకన్లలోను పూర్తిచేయాలి. పురుషులకు ఇది కిలోమీటరుకు సుమారు 4 నిమిషాల 32 సెకన్ల వేగం. నాలుగు గంటలలో మారథాన్ ముగించే వ్యక్తి వేగం కిలోమీటరుకు సుమారు 5 నిమిషాల 41 సెకన్లు మాత్రమే. కావున పోలీసు పరీక్షకు సిద్ధమైనవారికి వేగం ఉన్నా, దూరానికి కావలసిన ఓర్పును వేరుగా అలవరచుకోవలసి ఉంటుంది.

ఈ ప్రాంతానికి సమీపంలోని ప్రధాన క్రీడా కేంద్రం హనుమకొండలోని జవహర్‌లాల్ నెహ్రూ స్టేడియం. 2021 సెప్టెంబరులో ఇక్కడి సింథటిక్ ట్రాక్‌పై 60వ జాతీయ ఓపెన్ అథ్లెటిక్స్ పోటీలు జరిగాయి. వాటిలో హర్మిలన్ బైన్స్ 1,500 మీటర్ల పరుగును 4 నిమిషాల 5.39 సెకన్లలో ముగించి, 2002 నుండి సునీతా రాణి పేరిట ఉన్న జాతీయ రికార్డును అధిగమించింది.

వేసవి

మార్చి నుండి జూన్ మొదటి వారం వరకు ఎండలు తీవ్రంగా ఉంటాయి. రోహిణి కార్తెలో రోళ్ళు పగులుతాయన్న సామెత ఇక్కడ అందరికీ తెలిసినదే. బొగ్గు గనులు గల భూపాలపల్లి ప్రాంతంలో మే నెల ఉష్ణోగ్రతలు 45 డిగ్రీల సెల్సియస్‌కు చేరువవుతాయి. కావున సూర్యోదయానికి ముందే పరుగు ముగించడం అవసరం. శరీరం వేడికి అలవాటుపడటానికి సుమారు 10 నుండి 14 రోజులు పడుతుంది. ఆ రోజులలో వేగాన్ని, దూరాన్ని తగ్గించుకోవాలి.

శరీర అంతర్గత ఉష్ణోగ్రత 40 డిగ్రీలు దాటి, మాట తడబడటం, స్పృహ తప్పడం వంటివి కనిపిస్తే అది వడదెబ్బ. అట్టి వ్యక్తిని నీడకు చేర్చి, ఒంటిపై చల్లని నీరు పోస్తూ వెంటనే 108కి ఫోన్ చేయాలి. స్పృహలో లేనివారికి నోటిద్వారా నీరు పట్టరాదు. పరుగు సమయంలో అతిగా మంచినీరు మాత్రమే త్రాగడం కూడా ప్రమాదకరమే. రక్తంలో సోడియం తగ్గిపోతుంది. ఉప్పు వేసిన మజ్జిగ, ఓ.ఆర్.ఎస్. వంటివి ఉపయోగకరం.

వానాకాలం

నైఋతి ఋతుపవనాలు సాధారణంగా జూన్ రెండవ వారంలో ప్రవేశిస్తాయి. ఉష్ణోగ్రత తగ్గినా గాలిలో తేమ పెరగడంతో చెమట త్వరగా ఆరదు, శరీరం చల్లబడదు. నల్లరేగడి బాటలు బురదగా మారతాయి. జనగామ వైపు చెల్క నేలలలో నీరు త్వరగా ఇంకుతుంది కాబట్టి అక్కడి మట్టిబాటలు తొందరగా పరుగుకు అనువవుతాయి.

వాగులు దాటే దారులలో పరుగు మానుకోవడం మంచిది. 2023 జులైలో మోరంచ వాగు పొంగి భూపాలపల్లి సమీపంలోని మోరంచపల్లి గ్రామం మునిగిపోయింది. 2024 సెప్టెంబరు మొదట్లో మహబూబాబాద్ జిల్లాలోని కేసముద్రం సమీపంలో వరదకు రైలు పట్టాల క్రింది కట్ట కొట్టుకుపోయింది.

చలికాలం

నవంబరు నుండి ఫిబ్రవరి వరకు గల కాలం దూరాన్ని పెంచడానికి అత్యంత అనుకూలం. అయితే వరికోతల అనంతరం రైతులు ధాన్యాన్ని రోడ్లపై ఆరబోస్తారు. చీకటిలో పరుగెత్తేవారికి ఆ కుప్పలు, అంచున పెట్టిన రాళ్ళు కనిపించవు. రెండేళ్ళకొకసారి జరిగే మేడారం జాతర రోజులలో భూపాలపల్లి, ములుగు దారులలో వాహనాల రద్దీ విపరీతంగా ఉంటుంది. అప్పుడు ఊరి మైదానాలు, చెరువు కట్టలే సురక్షితమైనవి.

పందేలు, ప్రణాళిక

2011లో ప్రారంభమైన హైదరాబాద్ మారథాన్ ఆగస్టు నెలలో జరుగుతుంది. 2004లో ప్రారంభమైన ముంబై మారథాన్ జనవరిలో జరుగుతుంది. మారథాన్‌కు సాధారణంగా 16 వారాల శిక్షణ అవసరం. ఈ లెక్కన హైదరాబాద్ పందేనికి సాధన మే నెల ఎండలలో మొదలవుతుంది. ముంబై పందేనికి సెప్టెంబరులో మొదలై, ఎక్కువ దూరాలు పరుగెత్తవలసిన వారాలు చలికాలంలో వస్తాయి. అందువలన కొత్తవారు ఆగస్టులో 10 కి.మీ. లేదా హాఫ్ మారథాన్ (21.0975 కి.మీ.) పరుగెత్తి, పూర్తి మారథాన్‌ను చలికాలానికి ఉంచుకోవడం సమంజసం.

వారంలో ఒక దీర్ఘ పరుగు, ఒక వేగపు పరుగు, మిగిలినవి నెమ్మది పరుగులుగా విభజించి, కనీసం ఒక రోజు విశ్రాంతి తీసుకోవడం సాధారణ పద్ధతి. పందేనికి ముందు రెండు, మూడు వారాలు దూరాన్ని క్రమంగా తగ్గిస్తారు. పందేలు తెల్లవారుజామున మొదలవుతాయి కనుక ముందురోజే చేరుకోవాలి. జనగామ, మహబూబాబాద్ పట్టణాలకు రైలు సౌకర్యం ఉన్నది. భూపాలపల్లి వారు పరకాల మీదుగా బస్సులో హనుమకొండ చేరి, అక్కడి నుండి ప్రయాణించవలసి ఉంటుంది.