అద్దాల గదుల వెనుక ఉన్న అనారోగ్యం

2017 ఫిబ్రవరిలో అమెరికా రాజధాని వాషింగ్టన్‌లోని హిర్షార్న్ మ్యూజియంలో జపాను కళాకారిణి యాయోయి కుసామా అద్దాల గదుల ప్రదర్శన ప్రారంభమైంది. ఒక్కొక్క గదిలోనికి ఇద్దరు ముగ్గురిని పంపి, అర నిమిషంలోపే వెలుపలికి రప్పించేవారు. ఆ కొద్ది క్షణాల కొరకు జనం గంటల తరబడి బారులు తీరి నిలిచారు. లోపలికి అడుగుపెట్టగానే చాలామంది చేసిన పని సెల్‌ఫోను పైకెత్తడం. కొద్ది రోజులకే ఒక సందర్శకుడి వలన గుమ్మడికాయల గదిలోని ఒక ప్రతిమ దెబ్బతినగా, ఆ గదిని తాత్కాలికంగా మూసివేశారు. సెల్ఫీ తీసుకోబోయి తూలిపడడమే కారణమని వార్తలు వచ్చాయి.

గోడకు తగిలించిన చిత్రాన్ని దూరం నుండి చూడడం కాక, ప్రేక్షకుడే కళాఖండం లోపలికి ప్రవేశించే ఈ పద్ధతిని ఇన్‌స్టలేషన్ కళ అంటారు. నేడు మానసిక ఆరోగ్యం పేరిట ఇటువంటి ప్రదర్శనలు అనేకం వస్తున్నాయి. వాటిలో అందరికీ పరిచితమైన ఈ అద్దాల గది వినోదం కొరకు పుట్టినది కాదు. ఒక మనిషి తన భయంతో తలపడిన తీరు నుండి పుట్టినది.

కుసామా 1929లో మత్సుమోటో పట్టణంలో, విత్తనాలు, మొక్కలు పెంచి అమ్మే కుటుంబంలో జన్మించారు. బల్లపై పరచిన గుడ్డ మీది పూల నమూనా కప్పుకూ, గోడలకూ, చివరకు తన శరీరానికీ పాకినట్లు బాల్యంలో కనిపించిందనీ, తాను అందులో కరిగిపోతానేమోనని భయపడ్డాననీ ఆమె స్వయంగా వ్రాశారు. దూరం నుండి రోగనిర్ధారణ చేయడం వైద్యునికి తగదు కనుక ఆమె చెప్పుకొన్నంతవరకే చెబుతున్నాను. 1952లో ఆమె సొంత ఊరిలో జరిపిన ప్రదర్శనను చూసి, ఆ చిత్రాల విలువను మొదట గుర్తించినవారిలో ఒక మనోవైద్య ఆచార్యుడు ఉండడం మా వృత్తికి కొంత గర్వకారణమే.

1958లో ఆమె న్యూయార్కు చేరారు. లైంగిక భయం తనను పీడిస్తున్నదని దాచకుండా చెప్పి, గుడ్డతో పురుషాంగాకృతులను వేల సంఖ్యలో తన చేతులతో కుట్టి, దూది కూరి, కుర్చీలకూ పడవకూ అతికించారు. భయపెట్టేదానినే పదేపదే తయారుచేస్తే ఆ భయం లొంగుతుందన్నది ఆమె నమ్మకం. అదే 1958లో జోసెఫ్ వోల్పే అనే మనోవైద్యుడు, భయానికి కారణమైనదానిని మెల్లమెల్లగా ఎదుర్కొనేటట్లు చేసే చికిత్సను వివరిస్తూ తన గ్రంథాన్ని ప్రచురించాడు. ఇద్దరికీ పరిచయం ఉన్నదని నేననడం లేదు. రోగీ వైద్యుడూ వేర్వేరు దారులలో ఒకే ఆలోచన దగ్గరకు చేరడం మాత్రం ఆసక్తికరం.

అన్ని వేలు కుట్టడం ఒంటరి మనిషికి ప్రాణాంతకమైన శ్రమ. 1965లో ఆమె గదికి నాలుగు వైపులా అద్దాలు అమర్చి, ఎర్రచుక్కల గుడ్డబొమ్మలను నేలపై పరిచారు. కుట్టినవి కొన్నే అయినా కనిపించేవి అనంతం. అద్దాల గది ఆ విధంగా పుట్టింది. మరుసటి ఏడు వెనిస్ బినాలేలో 1,500 అద్దపు గోళాలను పచ్చిక మీద పరచి, మీ ఆత్మమోహం అమ్మకానికి ఉన్నదన్న అర్థం వచ్చే ఫలకం నాటి, ఒక్కొక్క గోళాన్ని దాదాపు రెండు డాలర్లకు అమ్మసాగారు. నిర్వాహకులు వచ్చి అమ్మకాన్ని ఆపించారు. ఆత్మమోహ వ్యక్తిత్వ లోపం అమెరికా మనోవైద్యుల వ్యాధుల పట్టికలోనికి ఎక్కినది 1980లో మాత్రమే. అయితే ఫోటో దిగిన ప్రతి పిల్లవాడికీ ఆ పేరు తగిలించే అలవాటు మనకు వద్దు.

1973లో ఆమె స్వదేశానికి తిరిగి వచ్చారు. 1977 నుండి టోక్యోలోని ఒక మానసిక చికిత్సాలయంలో స్వచ్ఛందంగా నివసిస్తూ, దగ్గరలోని తన కార్యశాలకు వెళ్ళి పనిచేసుకొని తిరిగి వచ్చే పద్ధతిని ఏర్పరచుకొన్నారు. ప్రపంచ ఖ్యాతి తెచ్చిన పనిలో అధిక భాగం ఆ తరువాతిదే. 1993లో జపాను ఆమెను అదే వెనిస్‌కు తన అధికార ప్రతినిధిగా పంపింది. మన దగ్గర ఎర్రగడ్డ అన్న ఊరి పేరే పరిహాసానికి వాడే మాటగా మారింది. ఆసుపత్రిలో ఉండడమంటే జీవితం ముగియడమని తలచే కుటుంబాలకు నేను కుసామా దినచర్యను తప్పక చెబుతుంటాను.

అద్దాల తరువాత కంప్యూటర్లు వచ్చాయి. 1995లో కెనడా కళాకారిణి చార్ డేవీస్ రూపొందించిన ‘ఆస్మోస్’లో సందర్శకుడు కళ్ళకు తెరను, ఛాతీకి శ్వాసను కొలిచే కవచాన్ని ధరిస్తాడు. ఊపిరి పీలిస్తే పైకి తేలుతాడు, విడిస్తే దిగుతాడు. వేలితో నడిపేది ఏదీ లేదు. అనుభవం ముగిశాక కొందరు కంటతడి పెట్టారు. నెమ్మదిగా శ్వాసించడం ఆందోళనను తగ్గిస్తుందని ఎరిగిన వైద్యులకు ఇందులో వింత తోచదు. ఆనాటి కంప్యూటరు మనిషిని తన శరీరం వైపునకు తిప్పింది. ఇప్పటి ఫోను చేస్తున్నది ఎక్కువగా దీనికి విరుద్ధమని నా అభిప్రాయం.

అయితే ఫోనునూ ఆటలనూ కేవలం దోషులుగా చూడడమూ సరికాదు. 2021లో వెనిస్ చలనచిత్రోత్సవంలో వర్చువల్ రియాలిటీ విభాగపు ప్రధాన బహుమతి పొందిన ‘గోలియత్’, మనోవైకల్యంతో ఏళ్ళ తరబడి ఒంటరిగా గడిపిన ఒక వ్యక్తి ఆన్‌లైన్ ఆటలలో స్నేహితులను పొందిన నిజ వృత్తాంతం. మనల్ని ఏకాకులను చేస్తున్నదని తిడుతున్న తెరయే అతనికి తోడు నిచ్చింది.

ఇక భ్రమలను కృత్రిమంగా చూపించి, వినిపించి, రోగి బాధను ఇతరులకు తెలియజేసే ప్రయోగాల సంగతి. వాటిపై జరిగిన అధ్యయనాలను సమీక్షించినప్పుడు సానుభూతి పెరిగినట్లు తేలింది గాని, అటువంటి రోగికి దూరంగా ఉండాలన్న కోరిక కూడా పెరిగినట్లు తేలింది. భయాన్ని మాత్రమే చూపి, ఆ భయంతోనే బ్రతుకుతూ పనిచేసుకొనే మనిషిని చూపకపోవడం ఇందుకు ఒక కారణం కావచ్చు.

ఇటువంటి ప్రదర్శనలకు వెళ్ళే మూర్ఛ వ్యాధిగ్రస్తులు లోపల మిణుకు దీపాలు ఉన్నవేమో ముందుగా అడగాలి. తల తిరిగే జబ్బు, మూసిన గదులంటే భయం ఉన్నవారు వెలుపలికి వచ్చే దారిని చూసుకొని లోపలికి అడుగుపెట్టాలి. భ్రమలతో కూడిన వ్యాధి నుండి ఇటీవల కోలుకొన్నవారు తమ వైద్యునితో మాట్లాడి వెళ్ళడం మేలు.