సముద్రం లేని ఊరిలో సముద్రశాస్త్రం

మన సభ్యులలో చాలామంది పిల్లలు మాదాపూర్, గచ్చిబౌలి కంపెనీలలో ఉద్యోగాలు చేస్తున్నారు. 1998 నవంబరులో హైటెక్ సిటీలో సైబర్ టవర్స్ ప్రారంభమైన సంగతి అందరికీ గుర్తే. ఆ మరుసటి సంవత్సరమే, 1999లో, ఇదే నగరంలో పుట్టిన మరొక సంస్థ మాత్రం అంతగా ఎవరికీ తెలియదు. అది భారత జాతీయ మహాసముద్ర సమాచార సేవా కేంద్రం. పొట్టి పేరు ఇన్‌కాయిస్. కూకట్‌పల్లి దాటాక నిజాంపేట వైపు, ప్రగతి నగర్‌లో ఉంది. అక్కడి నుండి ఏ తీరానికి పోవాలన్నా ఒక రాత్రి ప్రయాణం. ఇక్కడ సముద్రంతో పనేమిటని అడగని వారుండరు.

మన తెలుగునాట సముద్రశాస్త్రం మొదట విశాఖపట్టణంలోనే వేళ్ళూనింది. 1872-76లో ఛాలెంజర్ అనే బ్రిటిష్ ఓడ ప్రపంచమంతా తిరిగి లోతులు కొలిచి ఈ శాస్త్రానికి పునాది వేయగా, 1952లో యూజీన్ లఫాండ్ అనే అమెరికన్ శాస్త్రజ్ఞుడు ఆంధ్ర విశ్వకళాపరిషత్తుకు వచ్చి బంగాళాఖాతం మీద పరిశోధనలకు దారి చూపారు. 1960 దశకం తొలి సంవత్సరాలలో పలు దేశాల ఓడలు కలిసి హిందూ మహాసముద్రాన్ని శోధించాయి. మన తీరానికి ఎదురుగా సముద్రగర్భంలో కనిపించిన లోయలకు లఫాండ్ ఆంధ్ర, కృష్ణ అన్న పేర్లు కూడా పెట్టారు. ఈ సముద్రానికి ఒక వింత ఉంది. ఉత్తరాన ఆసియా ఖండం అడ్డుగోడలా ఉండటం వల్ల గాలులు ఏటా దిశ మార్చుకుంటాయి, వాటితోపాటు ప్రవాహాలూ తిరగబడతాయి. మన పంటలన్నీ ఆ గాలుల మీద ఆధారపడినవే.

ఓడ ఒకసారికి ఒక చోటునే కొలవగలదు. ఉపగ్రహం వచ్చాక ఆ ఇబ్బంది చాలావరకు తీరింది. ఉపగ్రహ చిత్రాల పని అప్పటికే బాలానగర్‌లోని జాతీయ దూరసంవేదన సంస్థలో జరుగుతోంది. నీటి ఉపరితలపు వేడిమి, పచ్చదనం చూసి చేపలు ఎక్కడ గుమిగూడే అవకాశముందో చెప్పే ప్రయత్నం అక్కడే సాగింది. ఇన్‌కాయిస్ ఈ నగరంలో వెలసిందంటే కారణం అదే. మత్స్యకారులకు నేటికీ ఆ సూచనలు అందుతున్నాయి. వెతుకులాట తగ్గితే డీజిలు మిగులుతుంది.

ఇక అసలు సంగతి హెచ్చరికలది. 1977 నవంబరు 19న దివిసీమను ఉప్పెన ముంచెత్తింది. అధికార లెక్కల ప్రకారమే సుమారు పదివేలమంది పోయారు. ఆ జిల్లాలలో పనిచేసిన మన మిత్రులకు దాని గురించి వేరే చెప్పనక్కరలేదు. అది తుఫాను గాలి తోసిన నీరు. 2004 డిసెంబరు 26న వచ్చినది సునామీ, సుమత్రా దగ్గర సముద్రగర్భంలో వచ్చిన భూకంపం లేపిన అల. ఈ రెంటినీ ఒకే మాటతో పిలవడం సరికాదని నా అభిప్రాయం. మొదటిదానికి ఆకాశం ముందే మబ్బు పడుతుంది. రెండవది నిర్మలమైన ఆదివారం ఉదయాన వచ్చింది. భూకంపం తరువాత అల మన తూర్పు తీరానికి చేరడానికి రెండు గంటలకు పైగా పట్టింది. అంత వ్యవధి ఉండీ, చెప్పే వ్యవస్థ లేక, దేశంలో పదివేలమందికి పైగా ప్రాణాలు పోయాయి.

2007 అక్టోబరులో ప్రగతి నగర్‌లో సునామీ హెచ్చరిక కేంద్రం ప్రారంభమైంది. సముద్రపు అడుగున ఉంచిన పరికరం పైనున్న నీటి బరువులో మార్పును కనిపెడుతుంది. వేల మీటర్ల లోతు నుండే ఒక సెంటీమీటరు తేడాను కూడా పసిగడుతుంది. ఆ కబురు నీటిపై తేలే బోయాకు, అక్కడినుండి ఉపగ్రహం ద్వారా హైదరాబాదుకు చేరుతుంది. సునామీ లోతైన నీటిలో గంటకు ఏడెనిమిది వందల కిలోమీటర్ల వేగంతో, విమానంలా వస్తుంది కనుక ప్రతి నిమిషమూ విలువైనదే. అయితే భూకంపం వచ్చినప్పుడల్లా జనాన్ని పరుగెత్తించినా ప్రమాదమే; రెండుసార్లు ఉత్తుత్తిదైతే మూడవసారి ఎవరూ కదలరు. 2012 ఏప్రిల్ 11న 8.6 తీవ్రతతో భూకంపం వచ్చినా, అడుగునున్న భూభాగం ప్రధానంగా పక్కకు జరగడం వల్ల పెద్ద అల లేవలేదు. 2011 నుండి హిందూ మహాసముద్ర దేశాలన్నిటికీ హెచ్చరికలిచ్చే బాధ్యత ఆస్ట్రేలియా, ఇండొనేషియాలతో పాటు మన కేంద్రం మోస్తోంది.

కబురు హైదరాబాదు నుండి బయలుదేరితే చాలదు, తీరంలోని చివరి గుడిసెకు చేరాలి, విన్నవారికి ఎటు పరుగెత్తాలో తెలియాలి. 2020లో ఇందుకు పూర్తిగా సిద్ధమైన ఊళ్ళుగా యునెస్కో మన దేశంలో మొదటగా గుర్తించినవి ఒడిశాలోని వెంకట్రాయ్‌పూర్, నోలియాసాహి. నోలియాలంటే ఆ తీరంలో తరతరాలుగా స్థిరపడిన తెలుగు జాలరులే.